మోసపోయానని చెప్పమన్నారు

కలప అడితి యజమానిని ముఖాన అందరూ అడితిగారనే పిలిచేవాళ్లు. చాటుగా మాత్రం దూలం అనేవాళ్లు. మనిషి పొడుగు, నిటారు. ఒకసారి ఒక మాట అన్నాడంటే ఇటూ అటూ వంగే రకం కాదు. ఆ పేరు తన చెవిన పడ్డప్పుడు కోప్పడలేదు సరికదా, "వంగే దూలాన్ని ఎవడు కొంటాడయ్యా?" అని నవ్వేశాడు.

ఆయనకు ఉన్న గర్వమల్లా ఒక్కటే. తననెవరూ మోసం చెయ్యలేరని. లారీ మీంచి దుంగ దింపగానే వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి, లోపల బోలు ఉందో లేదో చెప్పేసేవాడు. మనుషుల్నీ అలాగే తట్టి చూస్తానని భార్యతో అంటుండేవాడు. "మీ తట్టుడు సంగతి నాకు తెలుసులెండి" అని ఆవిడ వంటింట్లోంచి జవాబిచ్చేది.

ఆ అడితికి ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లలో కుర్చీల మేస్త్రి ఒకడు. సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకుని కుర్చీలూ బల్లలూ చేసేవాడు. మాట తక్కువ, పని నాజూకు. అతను చేసిన కుర్చీ మీద ఎంత లావు మనిషి కూర్చున్నా కిర్రుమనేది కాదు. అతను ఒకనాటి ఉదయం మామూలుకన్నా హుషారుగా అడితిలోకి వచ్చాడు.

"అన్నా, పెద్ద పని తగిలింది. కాలేజీవాళ్లు పరీక్షల హాలుకి కుర్చీలు చెయ్యమన్నారు. కలప కావాలి. చాలా కావాలి."

"డబ్బు?"

"బిల్లు వాళ్లిచ్చాకే."

అడితిలో అప్పటికే కొత్త పద్ధతి వచ్చింది. లెక్కలన్నీ కూతురు చూసుకుంటోంది. అరువుకి కలప కావాలంటే చెక్కు చేతికివ్వాలి, లేకపోతే ముక్క కదలకూడదని ఆ అమ్మాయి ఆజ్ఞ. మేస్త్రికీ ఆ సంగతి తెలుసు. జేబులోంచి చెక్కు తీసి, రాసి, సంతకం పెట్టి బల్ల మీద ఉంచాడు. దాని మీంచి వేలు తియ్యకుండానే అన్నాడు:

"ఒక్క మాట అన్నా. ఇప్పుడు నా ఖాతాలో చిల్లిగవ్వ లేదు. ముందే చెబుతున్నా. కాలేజీ బిల్లు పడగానే నేనే వచ్చి చెప్తాను. అప్పుడే బ్యాంకులో వెయ్యి."

"లేకపోతే మరి ఇదెందుకయ్యా నాకు?"

"అమ్మాయి అడుగుతుంది కదా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. కూతురు అప్పుడు కోత మిషను దగ్గర పలకలు కొలిపిస్తోంది. ఆ రంపం రొదలో ఈ మాటలు మరెవరికీ వినిపించలేదు. చెక్కు ఇనప్పెట్టెలోకి వెళ్లింది. కలప బండికెక్కింది.

ఆ తర్వాత రెండు నెలలు గడిచాయి. కుర్చీలు కొంతవరకు కాలేజీకి చేరాయి గానీ, మొత్తం చేరితేనే బిల్లు అని వాళ్లు కూర్చున్నారు. ఇటు అడితిగారికి దుంగలు పంపే పెద్ద వ్యాపారి, పాత బాకీ కట్టనిదే కొత్త సరుకు రాదని కబురు పెట్టాడు. దూలంగారు రెండుసార్లు మేస్త్రికి ఫోను చేశాడు. "ఇంకొంచెం ఆగన్నా" అన్నాడతను. ఆయన ఆగేవాడే. కానీ ఒకరోజు పని మీద అటు వెళ్తూ షెడ్డులోకి తొంగి చూశాడు. అక్కడ నిగనిగలాడుతూ కొత్త చిత్రిక మిషను. ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లలేదు, ఒక్క మాటా అడగలేదు. తిన్నగా అడితికొచ్చి ఇనప్పెట్టె తెరిచి, చెక్కు కూతురి చేతిలో పెట్టాడు.

"బ్యాంకులో వేసెయ్యి."

"వెయ్యమని ఆయన చెప్పాడా నాన్నా?"

"నేను చెబుతున్నాగా!"

ఖాతాలో సొమ్ము చాలదన్న చీటీతో చెక్కు తిరిగొచ్చింది. ప్లీడరు నోటీసు వెళ్లింది. అది అందిన రోజే మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. చేతుల మీద ఇంకా రంపపు పొట్టు అంటుకునే ఉంది.

"అదేంటన్నా, నేను చెప్పాను కదా నీకు?"

"చెబితే? నా బాకీ తీర్చడానికి లేదు గానీ మిషన్లు కొనడానికి ఉందా?"

"అది కొన్నది కాదు, దాన్ని..."

"నాకు కథలు చెప్పకు. కోర్టులో చెప్పుకో."

మేస్త్రి చేతుల మీది పొట్టు దులుపుకున్నాడు. ఇంకో మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అలా ఊరుకోవడం కూడా దూలంగారికి పొగరులాగే కనిపించింది.

నోటీసులో పెట్టిన గడువు దాటిపోయింది. ప్లీడరు ఫిర్యాదు తయారుచేసి చదివి వినిపించాడు. "ఖాతాలో తగినంత సొమ్ము ఉందని నమ్మించి, మోసపుచ్చే ఉద్దేశంతో ఈ చెక్కు ఇచ్చి ఉన్నాడు" అన్నచోట దూలంగారు చెయ్యెత్తి ఆపాడు.

"అలా అనలేదండీ అతను. లేదనే చెప్పాడు."

ప్లీడరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చూడండి. ఈ ఒక్క ముక్క ఉంటే ఇది నేరం. పోలీసులు వెళ్లి తీసుకొస్తారు, నగో నట్రో అమ్మి మీ డబ్బు కట్టేస్తాడు. ఈ ముక్క తీసేస్తే ఉత్త బాకీ కేసు. సివిల్ కోర్టులో మీ మనవడికి మీసాలు మొలిచేదాకా నడుస్తుంది. మీకు ఏది కావాలో మీరే చెప్పండి."

"మరి అబద్ధం కదా?"

"గడువులోగా కట్టకపోతే మోసమే అనుకోవాలని చట్టమే అంటోంది. చట్టం అనుకున్నదాన్ని మనం రాస్తున్నాం. అంతే."

ఆ మాట సబబుగానే తోచింది. నిజానికి సబబుగా తోచాలని ఆయనే కోరుకున్నాడు. సంతకం పెట్టేశాడు. అది ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలమని గుమాస్తా చెబుతున్నా సరిగా వినలేదు.

పోలీసులు మేస్త్రిని షెడ్డులోనే పట్టుకున్నారు. అప్పుడే జిగురు పూసి కుర్చీ కాళ్లు బిగిస్తున్నాడట. "ఈ ఒక్కటి బిగించి వస్తాను, జిగురు ఆరిపోతుంది" అన్నాడట. వాళ్లు సరేనని గుమ్మంలో నిలబడ్డారట. బిగించి, చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని జీపెక్కాడట. అడితిలో కూలీలు చెప్పుకుంటుంటే ఈ మాటలన్నీ దూలంగారి చెవిన పడ్డాయి. జామీను ఉండేవాళ్లు దొరక్క అతన్ని జైలుకి పంపారని మర్నాడు తెలిసింది.

గెలిచినట్టు అనిపించాల్సింది. అనిపించలేదు. తన కలపైనా మిగిలిందేమో, వెనక్కి తెచ్చుకుందామని తనకు తానే ఒక సాకు చెప్పుకుని షెడ్డుకి వెళ్లాడు.

మేస్త్రి భార్య ఒక్కతే ఉంది. కొంగు బిగించి కూర్చుని కుర్చీ వీపుకి వార్నిషు వేస్తోంది. ఆయన్ని చూసి లేవలేదు, కుంచె కింద పెట్టలేదు.

"రండి అన్నయ్యగారూ. తడి ఉంది, అంటుకుంటుంది, చూసుకోండి."

"కలప ఏమైనా మిగిలిందేమోనని..."

ఆవిడ చుట్టూ చూపించింది. గోడ వారన కాళ్లు కట్టలు కట్టి ఉన్నాయి. వీపుపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. "మీ కలపంతా ఇదిగో. దుంగలుగా ఇచ్చారు, ఇప్పుడు కాళ్లయి కూర్చున్నాయి. కావాలంటే కాళ్లుగానే పట్టుకెళ్లండి."

దూలంగారికి అటూ ఇటూ చూసినా కొత్త మిషను కనిపించలేదు.

"ఆ చిత్రిక మిషను ఏది?"

"అద్దెకి తెచ్చింది కదా. పని తొందరగా అవుతుందని తెచ్చారు. పనిచేసే మనిషే లేనప్పుడు అద్దె ఎందుకని ఇచ్చేశాను." కుంచె డబ్బాలో ముంచి అంచుకి ఒత్తి తీసింది. "ఒక్క సంగతి అడగనా? ఖాతాలో డబ్బుల్లేవని మీకు ముందే చెప్పానని ఆయనంటున్నారు. చెప్పలేదని మీరు రాసిచ్చారట. ఇద్దరిలో ఎవరిది నిజం?"

నిష్ఠూరంగా అడిగినా బాగుండేది. ఆవిడ మామూలుగా, నిజంగా తెలియకే అడిగింది. భర్త మాట నమ్మింది గానీ, ఇంత పెద్దమనిషి అబద్ధం రాసిస్తాడని ఆవిడకి నమ్మకం కలగడం లేదు. దూలంగారు గుమ్మం వైపు తిరిగాడు. "కోర్టు చూసుకుంటుందమ్మా" అని బయటపడ్డాడు.

ఇంటికెళ్లి కూతురితో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ అమ్మాయి లెక్కల యంత్రం పక్కకి తోసి తండ్రి ముఖంలోకి చూసింది.

"లేదని చెప్పే ఇచ్చాడా? మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెప్తే నువ్వు కలప ఇవ్వనిచ్చేదానివా?"

"ఇవ్వనిచ్చేదాన్ని కాదు. ఇచ్చావు సరే, ఈ ఫిర్యాదైనా వెయ్యనిచ్చేదాన్ని కాదు." యంత్రం మళ్లీ దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు వెనక్కి తీసుకుంటే అబద్ధపు ప్రమాణం చేశావని నీ మెడకే చుట్టుకుంటుంది. తీసుకోకపోతే ఆయన జైల్లో ఉంటాడు. బాగానే పెట్టావు పీట ముడి!"

భార్య మాత్రం ఒక్క మాటే అంది. "మీకు ఏం చెయ్యాలో తెలుసు. అడిగేది ధైర్యం కోసమే కదా? అది నా దగ్గర ఎక్కడుంది?"

విచారణ నాటికి మేస్త్రికి బావమరిది ఎవరో జామీను ఉండి బయటికి తెచ్చాడు. మనిషి సగమయ్యాడు. కోర్టు హాల్లో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. కిటికీ పక్క బల్ల మీద ఫైళ్లు కుప్ప పోసి ఉన్నాయి, సగానికి పైగా చెక్కుల కేసులేనని ఎవరో అన్నారు. మేస్త్రికి సొంత ప్లీడరు లేకపోతే కోర్టే ఒకామెను ఇచ్చింది. చిన్నపిల్లలా ఉంది. గొంతు మాత్రం ఖంగుమంటోంది.

"అప్పు తీర్చలేదన్న ఒక్క కారణంతో ఎవర్నీ జైల్లో పెట్టడానికి మన రాజ్యాంగం ఒప్పుకోదు" అందామె. "అప్పుకి జైలు కుదరదు కాబట్టి దానికి చెక్కు అనే ముసుగు వేసి ఇక్కడికి తెస్తున్నారు. గడువులోగా కట్టకపోతే మోసగాడే అనుకోవాలట! కట్టలేనివాడు గడువులోగా మాత్రం ఎలా కడతాడు? పేదరికాన్నే సాక్ష్యం కింద తీసుకోమంటున్నారు."

దూలంగారి ప్లీడరు లేచాడు. చెక్కు అంటే జనానికి నమ్మకం ఉండాలని, ప్రతివాడూ లేని డబ్బుకి చెక్కులు రాసి పారేస్తే వ్యాపారాలు మూసుకోవాలని, అందుకే చట్టం కఠినంగా ఉందని అన్నాడు. అదీ నిజమే అనిపించింది దూలంగారికి. ఎదుటిపక్షం మాట కూడా నిజమే అనిపించడం ఆయనకి కొత్త.

జడ్జిగారు నడివయసు ఆవిడ. ఇద్దరి మాటలూ విని రాసుకుని, ఫిర్యాదిని బోనులోకి రమ్మన్నారు. ప్రమాణం అయింది. ప్లీడరు నేర్పిన ప్రశ్నలూ నేర్పిన జవాబులూ ఇంకా మొదలుకాకముందే ఆవిడే చెయ్యి చూపించి ఆపారు.

"ముందు నేను ఒక సంగతి చెబుతాను. వినండి. ఈయన మీకు బాకీ ఉన్నాడా లేదా అన్నది కాదు ఇక్కడ విషయం. ఉన్నాడని ఆయనే ఒప్పుకుంటున్నాడు. బాకీ ఉన్నంత మాత్రాన జైలుకి పంపే అధికారం నాకు లేదు. నాకే కాదు, ఈ దేశంలో ఏ జడ్జికీ లేదు. మోసం చేస్తేనే పంపగలను. చట్టం మోసమే అనుకోమంటుంది, నిజమే. కానీ ఆ అనుకోవడం తప్పని చూపించుకునే దారి ఉండి తీరాలని పెద్ద కోర్టు ఎప్పుడో చెప్పింది. ఆ దారి మూసేస్తే ఈ చట్టమే నిలవదు. కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఆ రోజు చెక్కు తీసుకున్నప్పుడు మీరు మోసపోయారా?"

మోసపోయారా!

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. అవునంటే గెలుస్తాడు. కానీ అవునంటే, తన బల్ల ముందు నిలబడి మేస్త్రి తనను బోల్తా కొట్టించాడని ఇంతమందిలో ఒప్పుకోవాలి. గర్వం ముందు గింజుకుంది. ఆ తర్వాతే, గర్వం కిందనుంచి అసలు సంగతి పైకి వచ్చింది. ఆ రోజు ఆ మనిషి చెక్కు మీంచి వేలు తియ్యకుండా నిజం చెప్పాడు. ఆ నిజం చెప్పినందుకే తను నమ్మి కలప ఇచ్చాడు. డబ్బుందని చెప్పుంటే బహుశా తట్టి చూసేవాడేమో.

మేస్త్రి వైపు చూశాడు. అతను తన వైపు చూడటం లేదు. సాక్షి బోను కర్రకి పట్టీ ఊడి వేలాడుతుంటే దాన్ని చూస్తున్నాడు.

"లేదమ్మా" అన్నాడు దూలంగారు. "నేను మోసపోలేదు. డబ్బు లేదని చెప్పే ఇచ్చాడు. నాకు తెలిసే తీసుకున్నాను."

ప్లీడరు చేతిలోని కాగితాలు బల్ల మీద కొట్టాడు. హాల్లో గుసగుసలు లేచాయి.

"మరి నమ్మించి ఇచ్చాడని ప్రమాణం చేసి రాసిచ్చారే?" అన్నారు జడ్జిగారు.

"రాసిచ్చానమ్మా. తప్పే. కోపంలో చేశాను. ఒట్టి కోపం కూడా కాదు. ఇలా రాస్తే డబ్బు తొందరగా వస్తుందన్నారు. వస్తుందనే రాశాను."

జడ్జిగారు చాలాసేపు రాస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత తలెత్తారు. డబ్బు లేదని తెలిసీ తీసుకున్న చెక్కు చెక్కు కాదనీ, ఇస్తానన్న వాగ్దానం లాంటిదనీ, వాగ్దానం తప్పితే అడగడానికి సివిల్ కోర్టు ఉందనీ, పోలీసు జీపుని బాకీలు వసూలు చేసే బండిగా వాడుకోవడానికి ఈ కోర్టు ఒప్పుకోదనీ అన్నారు. కేసు కొట్టేశారు. దూలంగారి మీద అబద్ధపు ప్రమాణానికి వేరే విచారణ పెట్టవచ్చు గానీ, అడగ్గానే నిజం చెప్పాడు కాబట్టి జరిమానాతో, మేస్త్రికి ఖర్చులు ఇమ్మనడంతో సరిపెట్టారు. "ఇంకోసారి సంతకం పెట్టేముందు చదవండి" అన్నారు.

"చదివే పెట్టానమ్మా" అన్నాడాయన. ఆవిడ తర్వాతి కేసు పిలవమన్నారు.

మెట్ల మీద ప్లీడరు దులిపేశాడు. "నా ముప్పయ్యేళ్ల ప్రాక్టీసులో సొంత కేసుని ఇలా సొంత చేతుల్తో పాతిపెట్టినవాణ్ణి చూడలేదండీ!" దూలంగారు ఫీజు చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు. కొంచెం దూరంలో మేస్త్రి, భార్య, ఆ చిన్న ప్లీడరమ్మ నిలబడి ఉన్నారు. వెళ్లి ఏదో ఒకటి అందామనుకున్నాడు. వెళ్లకుండానే మెట్లు దిగిపోయాడు.

డబ్బు మాట చెప్పాలంటే, సివిల్ కోర్టులో రాజీ కుదిరింది. మేస్త్రి లోపల ఉన్న రోజుల్లో ఆలస్యమైనందుకు కాలేజీవాళ్లు బిల్లులో కోత పెట్టారు. ఆ కోత సగం తన మీద వేసుకుంటానని దూలంగారే అన్నాడు. కూతురు పళ్లు పటపటలాడించింది గానీ అడ్డుచెప్పలేదు. మిగతాది వాయిదాల మీద వస్తోంది. మేస్త్రి భార్యే తెచ్చి కూతురి చేతికిచ్చి రసీదు తీసుకుని వెళ్తుంది. ఒక్క వాయిదా తప్పలేదు.

అడితిలో అరువుకి చెక్కు పెట్టుకునే పద్ధతి మాత్రం పోయింది. "నమ్మితే అరువివ్వు, నమ్మకపోతే ఇవ్వకు. మధ్యలో జైలు తాళం జేబులో పెట్టుకుని వ్యాపారం చెయ్యొద్దు" అని దూలంగారు తేల్చి చెప్పాడు. కూతురు కొన్నాళ్లు వాదించి, మరీ కొత్తవాళ్లయితే సగం డబ్బు ముందే తీసుకునేట్టు ఒప్పించుకుంది. అందువల్ల కొంత బేరం పోయింది కూడా. పోయిన బేరం గురించి ఇప్పటికీ తండ్రీ కూతుళ్లు అప్పుడప్పుడు కీచులాడుకుంటారు.

చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం మేకుల దుకాణం ముందు మేస్త్రి ఎదురుపడ్డాడు. తప్పుకుపోయేంత సందు లేదు. ఇద్దరూ ఆగారు.

"బాగున్నావా?"

"బాగానే ఉన్నా అన్నా."

"నా మీద కోపం పోలేదు కదూ?"

మేస్త్రి మేకుల పొట్లం ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "కోర్టులో నువ్వు నిజం చెప్పావు. అది మామూలు సంగతి కాదని మా ప్లీడరమ్మ చాలాసార్లు అంది. నన్ను లోపల పెట్టించింది కూడా నువ్వే. మొదటిది గుర్తొచ్చినప్పుడు రెండోది కూడా గుర్తొస్తుంది. ఏం చెయ్యను చెప్పు?"

"ఏం చెయ్యక్కర్లేదులే" అన్నాడు దూలంగారు. నిజంగానే అన్నాడు. పొట్లం వైపు చూసి ఇంకో మాట అడిగాడు.

"ఇప్పుడు కలప ఎక్కడ తీసుకుంటున్నావు?"

"వంతెన అవతల డిపోలో."

"అక్కడ టేకు పచ్చిగా ఉంటుంది. ఆరనివ్వకుండానే అమ్మేస్తాడు వాడు. తెచ్చినవెంటనే కొయ్యకు, కొన్నాళ్లు నీడన పేర్చు. పలకకీ పలకకీ మధ్య బద్దలు పెట్టు, గాలాడుతుంది."

"పెడుతున్నా అన్నా" అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత, వెళ్లబోతూ ఆగి, "బద్దలు ఎంత మందం పెట్టమంటావు?" అని అడిగాడు.

దూలంగారు బొటనవేలు చూపించాడు.